వీలునామాలో చిక్కు పడితే ఏం చేయాలి: బీరువా దగ్గర నుంచి కోర్టు దాకా

సివిల్ కోర్టు పనిలో ఉన్న నన్ను ఎక్కువమంది అడిగేవి రెండు ప్రశ్నలు. "నాన్నగారి బీరువాలో ఒక వీలునామా ఉంది. పెద్దకర్మ అయిన మర్నాడు అన్నయ్య ఇంకొకటి బయటపెట్టాడు. ఏది చెల్లుతుంది?" ఇది మొదటిది. "వీలునామాలో సర్వే నంబరు తప్పు పడింది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దిద్దించుకోవచ్చా?" ఇది రెండోది. అడగడానికి వచ్చేసరికే చాలామంది ఎవరో పెట్టమన్న కాగితం మీద సంతకం పెట్టేసి ఉంటారు, లేదా అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయి ఉంటాయి. ఆ రెండూ జరగకముందే మీరు ఇది చదివితే నా శ్రమ ఫలించినట్టే.

ఇక్కడ చెప్పేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆస్తి ఉన్న హిందూ కుటుంబాలకు. క్రైస్తవులకూ చాలావరకు ఇదే, అంటే 1925 నాటి భారత వారసత్వ చట్టమే వర్తిస్తుంది. తేడా ఉన్నచోట చెప్తాను. ముస్లింల లెక్క వేరు, దాని గురించి విడిగా రాశాను.

ముందు చేతిలో ఉండాల్సినవి

- అసలు వీలునామా. లేకపోతే జిరాక్సు, ఫోన్‌లో తీసిన ఫొటో, చిత్తుప్రతి, ఏది ఉంటే అది.
- మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్.
- ఆస్తి కాగితాలు: కొన్న దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా), పట్టాదారు పాస్‌బుక్, ఇంటిపన్ను రసీదులు.
- వీలునామా మీద సంతకం చేసిన సాక్షుల పేర్లు, వాళ్లు ఇప్పుడు ఉంటున్న చోటు, రాసిన దస్తావేజు లేఖరి పేరు.
- పోయినవారి సంతకం లేదా వేలిముద్ర ఉన్న పాత కాగితాలు: బ్యాంకు, పింఛను, ఎల్ఐసీ, పాత రిజిస్ట్రేషన్లు. వీలునామా తేదీకి దగ్గరి కాలానివైతే మరీ మంచిది.
- ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న ఆసుపత్రి కాగితాలు.

చివరి రెండూ చిత్తుకాగితాల్లో కలిసిపోతుంటాయి. ఇల్లు సర్దే పని మొదలుపెట్టకముందే తీసి పక్కన పెట్టండి.

1. అసలు కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు కాపాడండి

లామినేషన్ చేయించకండి. దాని మీద గీతలు గీయకండి, తప్పు కనిపించింది కదా అని పెన్నుతో దిద్దకండి. సంతకం నిజమో కాదో నిపుణుడు చూడాల్సి వస్తే ఒత్తిడి గుర్తులు, సిరా, కాగితం అన్నీ పనికొస్తాయి. ప్రతి పేజీ రెండు వైపులా ఫొటో తీసి, తోబుట్టువులందరికీ ఒకే రోజు పంపండి. "ఆ పేజీ తర్వాత మార్చారు" అన్న నింద పుట్టకుండా ఇదొక్కటే చాలా వరకు ఆపుతుంది.

అసలును ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే, లాయరుకైనా సరే, రసీదు రాయించుకోండి. వీలునామా మీ దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర ఉంటే రిజిస్టర్డ్ పోస్టులో ఒక నోటీసు పంపి నకలు అడగండి. ఇవ్వకపోయినా, "అడిగాను, ఇవ్వలేదు" అనడానికి ఆ నోటీసే రుజువు.

2. ఇంకో వీలునామా ఉందేమో వెతకండి

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈసీ తీసి, అందులో ఏమీ కనిపించలేదు కాబట్టి వీలునామా లేదనుకుంటారు. ఈసీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోని 1వ పుస్తకం నుంచి వస్తుంది. వీలునామాలు నమోదయ్యేది 3వ పుస్తకంలో. కాబట్టి ఈసీ ఖాళీగా ఉన్నా వీలునామా ఉండవచ్చు. మనిషి బతికి ఉండగా ఆ పుస్తకంలోని నకలు రాసినవారికి తప్ప ఇతరులకు ఇవ్వరు. పోయాక ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. మరణ ధృవీకరణ పత్రం జతచేసి, ఆయన నివసించిన ఊరికి, ఆస్తి ఉన్న ఊరికి సంబంధించిన ఆఫీసులు రెండింటిలోనూ అడగండి.

ఇంకో చోటు కూడా ఉంది. వీలునామాను సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరచుకునే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇచ్చింది. విశ్రాంత ఉద్యోగులు, పిల్లల మధ్య గొడవ వస్తుందని ముందే భయపడినవాళ్లు అలా చేసి ఉండవచ్చు. అక్కడా ఒక దరఖాస్తు పెట్టండి.

రిజిస్టర్ కాలేదని కంగారు పడకండి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు సుంకం లేదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. అవసరం అనుకుంటే రాసినవారు పోయాక కూడా దాన్ని రిజిస్ట్రేషన్‌కు పెట్టవచ్చు.

3. సాక్షులను ఈ వారమే కలవండి

అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు ఇదేనని నా గట్టి నమ్మకం. కాగితం ఇరవై ఏళ్లైనా బీరువాలో ఉంటుంది, సాక్షి ఉండడు. పెద్దాయన స్నేహితులే సాక్షులుగా ఉంటారు కాబట్టి వాళ్ల వయసూ ఆయన వయసే.

చట్టం అడిగేది ఇది. రాసినవారు సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆయన పెట్టడం చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోటి ద్వారా విని ఉండాలి. ఆ ఇద్దరూ ఆయన ఎదుట సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి ఉండనక్కర్లేదు. కోర్టులో రుజువు చేసేటప్పుడు ఆ సాక్షుల్లో కనీసం ఒకరు బోనెక్కాలి. రిజిస్టర్ అయిన వీలునామా అయినా ఈ నియమం తప్పదు. ఆ ఒక్కరూ తన సంతకం గురించే కాక రెండో సాక్షి సంతకం గురించి కూడా చెప్పగలగాలి. చెప్పలేకపోతే రెండోవారినీ పిలవాలి.

సాక్షిని కలిసినప్పుడు ఏం చెప్పాలో నేర్పకండి. ఎక్కడ రాశారు, ఎవరెవరు ఉన్నారు, ఆయన చదివి వినిపించుకున్నారా, ఎవరు ముందు సంతకం పెట్టారు అని మాత్రం అడిగి తేదీతో సహా రాసుకోండి. సాక్షి మంచం మీద ఉంటే, దావా వేసిన వెంటనే కోర్టు తరఫున సాక్ష్యం తీసుకునే కమిషనరును నియమించి ఇంటి దగ్గరే సాక్ష్యం తీసుకోమని కోర్టును కోరవచ్చు. ఈ సంగతి లాయరుకు మొదటి రోజే చెప్పండి.

సాక్షులిద్దరూ పోయినా దారి మూసుకుపోదు. ఒక సాక్షి చేవ్రాత అతనిదేనని, రాసినవారి సంతకం ఆయనదేనని ఎరిగినవారితో చెప్పించవచ్చు. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లో ఇది 68వ సెక్షన్. కానీ "ముప్పై ఏళ్ల పాత కాగితం, దానంతటదే నిజమైనట్టే" అన్న వాదన వీలునామాకు పనిచేయదు. సుప్రీంకోర్టు దీన్ని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

4. చిక్కు ఏ రకమో తేల్చుకోండి

లాయరు దగ్గరకు వెళ్లేముందు మీకు మీరే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ వీలునామా ఆయన రాసిందేనా? రాసిందే అయితే, దాని అర్థం ఏమిటి? అర్థం తెలిసినా, ఆ ఆస్తిని ఇచ్చే హక్కు ఆయనకు ఉందా? మూడింటికీ తలుపులు వేరు. ఒక తలుపు దగ్గర తేలాల్సినదాన్ని ఇంకో తలుపు దగ్గర ఏళ్ల తరబడి తట్టేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

*రెండు వీలునామాలు ఉంటే.* చెల్లుబాటయ్యేవాటిలో చివరిది నిలుస్తుంది. మొదటిది రిజిస్టర్ అయ్యి, చివరిది కాకపోయినా సరే. అయితే చివరిదానిలో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అన్న మాట లేకపోతే, రెండూ పొసగని మేరకే మొదటిది పోతుంది. మొదటిదానిలో ఇల్లు, పొలం రెండూ ఉండి, రెండోదానిలో పొలం గురించే ఉంటే, ఇంటి సంగతి మొదటిదే చెప్తుంది. ఇక రద్దు పత్రానికి కూడా వీలునామాకు లాగే ఇద్దరు సాక్షులు కావాలి. సాక్షుల్లేని రద్దు కాగితాన్ని నమ్ముకుని నిద్రపోకండి.

*పెన్నుతో దిద్దిన వీలునామా.* సంతకాలయ్యాక చేసిన కొట్టివేతలు, అంచుల్లో చేర్చిన మాటలు చెల్లవు. ఆ దిద్దుబాటు దగ్గర మళ్లీ రాసినవారి సంతకం, సాక్షుల సంతకాలు ఉంటేనే చెల్లుతాయి. కొట్టేసిన మాట ఇంకా చదవగలిగితే పాత మాటే నిలుస్తుంది.

*పేరు, సర్వే నంబరు, డోర్ నంబరు తప్పు.* ముందుగా, సవరణ దస్తావేజు కుదరదు. రాసినవారు లేరు కాబట్టి దాన్ని రాయడానికి ఎవరికీ అధికారం లేదు. వారసులందరూ కలిసి సంతకాలు చేసినా అది వీలునామాను దిద్దినట్టు కాదు. కానీ చట్టం ఇలాంటి తప్పుల విషయంలో ఉదారంగా ఉంది. ఎవరికి ఇవ్వాలనుకున్నారో మిగతా మాటల వల్ల తెలుస్తుంటే, పేరు తప్పయినా ఇచ్చింది పోదని భారత వారసత్వ చట్టం 76వ సెక్షన్ చెప్తుంది. ఆస్తి విషయంలో కొన్ని వివరాలు సరిపోయి కొన్ని సరిపోకపోతే, తప్పు వివరాన్ని పక్కన పెట్టి చదవమని అదే చట్టం 78వ సెక్షన్ చెప్తుంది. సర్వే నంబరు తప్పయినా నాలుగు హద్దులు, విస్తీర్ణం, ఊరు సరిపోయి, ఆయనకు అక్కడ వేరే భూమి లేకపోతే మీ కేసు బలమైనదే.

రెండు తప్పులను మాత్రం విడదీసి చూడండి. "నా మనవరాలికి ఇస్తున్నాను" అని రాసి, ఆయనకు ఇద్దరు మనవరాళ్లు ఉంటే, ఎవరిని అనుకున్నారో చెప్పడానికి బయటి సాక్ష్యం తేవచ్చు. అదే పేరు ఉండాల్సిన చోట, అంకె ఉండాల్సిన చోట ఖాళీ వదిలేస్తే, "ఆయన నాతో ఇంత ఇస్తానన్నారు" అని ఎంతమంది చెప్పినా ఆ ఖాళీ నిండదు.

*"జీవితాంతం అనుభవించి, తదనంతరం..."* మన దస్తావేజుల్లో ఈ మాట లేని వీలునామా అరుదు. భార్య బతికినంత కాలం అనుభవించాలి, అమ్మకూడదు, ఆ తర్వాత కొడుకులకు. చదవడానికి తేలిగ్గా ఉంటుంది, తర్వాత పెద్ద దావా అవుతుంది. ఎందుకంటే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. స్త్రీకి అప్పటికే ఉన్న హక్కు కింద, అంటే మనోవర్తి (పోషణ) లాంటి హక్కు బదులుగా ఆస్తి వస్తే, కాగితంలో ఎన్ని ఆంక్షలు రాసినా ఆమెకు పూర్తి హక్కు వస్తుంది. 1977లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అలాంటి పాత హక్కు ఏదీ లేకుండా వీలునామా ద్వారానే కొత్తగా వస్తే, ఆంక్షలు నిలుస్తాయి. ఏ వీలునామా ఏ భాగం కిందకు వస్తుందన్న దాని మీద తీర్పులు రెండు దారుల్లో నడిచాయి. అందుకే 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించింది. కాబట్టి అమ్మకు ఇలా వచ్చిన ఇంటిని ఆమె అమ్ముతున్నా, మీరు కొంటున్నా, "తదనంతరం" అన్న మాట చూపించి లాయరు రాతపూర్వక అభిప్రాయం తీసుకున్నాకే అడుగు వేయండి.

*ఇచ్చిన ఆస్తే లేకపోతే, తీసుకునేవారే లేకపోతే.* వీలునామాలో రాసిన ప్లాటును ఆయనే బతికి ఉండగా అమ్మేస్తే, ఆ భాగం పోయినట్టే. అమ్మిన డబ్బు అడగడానికి సాధారణంగా వీలు లేదు. తీసుకోవాల్సిన మనిషి ముందే పోతే ఆ వాటా మురిగిపోతుంది. దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది: ముందే పోయింది రాసినవారి కొడుకో కూతురో మనవడో అయ్యి, వాళ్లకు పిల్లలు ఉంటే, వీలునామాలో వేరేగా రాయనంత వరకు ఆ వాటా మురిగిపోదు. తండ్రి కంటే ముందు పోయిన కొడుకు పిల్లలను "మీకేమీ రాదు" అని పంపేయడం నేను చూశాను. అది తప్పు.

*ఆయనది కాని ఆస్తి.* పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో తండ్రి తన వాటా వరకే వీలునామా రాయగలడు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ, 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పు తర్వాత కూతుళ్లకూ పుట్టుకతోనే వాటా ఉంది. మొత్తం పొలం పెద్దకొడుకు పేర రాసినా, మిగతావారి వాటాలకు అది తగలదు. అయితే "తాతది కాబట్టి పిత్రార్జితమే" అని తొందరపడకండి. తాత స్వార్జితం, ఆయన 1956 చట్టం వచ్చాక పోయి, నాన్నకు వారసుడిగా వచ్చి ఉంటే అది నాన్న సొంత ఆస్తే. లింకు డాక్యుమెంట్లు చూస్తే గానీ ఇది తేలదు.

*నామినీ ఒకరు, వీలునామా ఇంకొకరికి.* బ్యాంకు డిపాజిట్లు, షేర్లలో నామినీ డబ్బు అందుకునే మనిషే, యజమాని కాదు. షేర్ల విషయంలో ఇదే మాటను 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. జీవిత బీమా మాత్రం కాస్త వేరు. బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే కావచ్చు. పాలసీ కాగితం తీసి చూడండి.

*సంతకమే అనుమానం.* వణుకుతున్న సంతకం, మంచం మీద ఉన్న మనిషి, ఎక్కువ లాభం పొందినవారే దగ్గరుండి రాయించడం, కారణం చెప్పకుండా భార్యను వదిలేయడం. వీటిని కోర్టు అనుమానాస్పద పరిస్థితులు అంటుంది. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది: ఆ అనుమానాలు తీర్చాల్సిన భారం వీలునామా తెచ్చినవారిది. కానీ మోసం చేశారు, బెదిరించి రాయించారు అని మీరంటే అది రుజువు చేయాల్సింది మీరు. వీటితో పాటు ఒక్కటి గుర్తుంచుకోండి. "కూతుళ్లకు ఏమీ ఇవ్వలేదు" అన్న ఒక్క కారణంతో వీలునామా పడిపోదు. వారసులకు మామూలుగా వచ్చేదాన్ని మార్చడానికే కదా మనిషి వీలునామా రాసేది.

5. ఆస్తి చేతులు మారకుండా చూడండి

తహసీల్దారుకు, మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి, బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, జరిగిపోయిందని గుండె జారవిడుచుకోకండి. పాస్‌బుక్‌లో, భూమి రికార్డులో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం రాదు. వీలునామా మీద వివాదం ఉంటే తేల్చాల్సింది సివిల్ కోర్టేనని 2021లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అలాగని ఊరుకోనూ వద్దు. పేరు మారిన రికార్డు చూపించి అమ్మేవాళ్లు, తాకట్టు పెట్టేవాళ్లు ఉంటారు.

సబ్ రిజిస్ట్రారుకు మీరిచ్చే అర్జీ ఒక్కదానితో అమ్మకం ఆగుతుందని అనుకోకండి. నిజంగా ఆపేది కోర్టు ఇచ్చే తాత్కాలిక ఇంజంక్షన్, అంటే నిలుపుదల ఉత్తర్వు. దావా నడుస్తుండగా ఎవరైనా కొంటే, ఆ కొన్నవారు తీర్పుకు కట్టుబడాల్సిందే. అయినా మధ్యలో మూడో మనిషి వచ్చాక కేసు పొడుగవుతుంది.

6. రాజీకి నిజంగా ప్రయత్నించండి

తప్పు వివరాల్లోనే ఉండి, ఎవరికి ఏమివ్వాలన్నారో అందరికీ తెలిసినప్పుడు కోర్టు అక్కర్లేదు. అందరూ కలిసి సరైన సర్వే నంబర్లతో పార్టిషన్ (పంపకం) దస్తావేజు గానీ హక్కు విడుదల దస్తావేజు గానీ రాసుకుని రిజిస్టర్ చేయించుకుంటే చిక్కు విడిపోతుంది. ఖర్చు స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజులే.

కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. అప్పటికే కేసు వేసి ఉంటే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది.

జాగ్రత్తలు రెండు. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద "నాకు ఆస్తిలో హక్కు లేదు" అని రాసి ఇవ్వకండి. స్థిరాస్తిలో హక్కు వదులుకోవడం రిజిస్టర్ కావాలి. అయినా ఆ తెల్లకాగితం రేపు మీకు ఎదురు సాక్ష్యంగా నిలుస్తుంది. రెండోది: వారసుల్లో మైనరు ఉంటే, తల్లి సంతకం పెట్టినా కోర్టు అనుమతి లేకుండా ఆ బిడ్డ స్థిరాస్తిని వదిలేయడం నిలవకపోవచ్చు. ఆ బిడ్డ పెద్దయ్యాక దాన్ని రద్దు చేయించుకోవచ్చు.

7. కోర్టుకు వెళ్లాల్సి వస్తే

*వీలునామా మీ పక్షాన ఉంటే.* ఇక్కడి ఆస్తికి సంబంధించి హిందువులకు, క్రైస్తవులకు ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే ధృవీకరణ, తప్పనిసరి కాదు. అది లేకుండానే సివిల్ కోర్టులో మీ హక్కు ప్రకటించమని దావా వేయవచ్చు. చెన్నై, ముంబై, కోల్‌కతాల్లో కూడా ఆస్తి ఉంటే అక్కడి లాయరును విడిగా అడగండి. అయితే బ్యాంకు గానీ కంపెనీ గానీ ప్రొబేట్ అడిగితే, లేదా వీలునామా నిజమైనదని ఒకేసారి అందరి మీదా తేల్చుకోవాలంటే, జిల్లా జడ్జి కోర్టులో దరఖాస్తు పెట్టండి. వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా, అంటే దాన్ని అమలు చేసే మనిషిగా, పేరు రాసినవారికే ప్రొబేట్ ఇస్తారు. అలా ఎవరి పేరూ లేకపోతే అడగాల్సింది వీలునామా జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తిని నిర్వహించే అధికార పత్రం. ప్రొబేట్ వీలునామా నిజమా కాదా అన్నదే తేలుస్తుంది. ఆస్తి ఆయనదా, ఉమ్మడిదా అన్నది అక్కడ తేలదు. ఆ ప్రశ్న ఉన్నవాళ్లు ప్రొబేట్ కోసం ఏళ్లు పోగొట్టుకోవడం వృథా.

*వీలునామా మీకు ఎదురుగా ఉంటే.* అవతలివారు ప్రొబేట్‌కు వెళ్తారని అనుమానం ఉంటే జిల్లా కోర్టులో కేవియట్ వేయండి. అప్పుడు మీకు చెప్పకుండా ఉత్తర్వు రాదు, మీరు ఎదుర్కొంటే అది మామూలు దావాలా నడుస్తుంది. మీకు నోటీసు లేకుండా, అబద్ధం చెప్పి ప్రొబేట్ తెచ్చుకున్నారా? భారత వారసత్వ చట్టం 263వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు. ఉమ్మడి ఆస్తిలో వాటా మీ వాదనైతే నేరుగా పార్టిషన్ దావా వేయడమే మంచిది.

*వీలునామా పోతే, చింపేస్తే.* నకలు లేదా చిత్తుప్రతి ఉంటే దాని మీద కూడా ప్రొబేట్ ఇవ్వవచ్చు. కానీ "ఆయనే మనసు మార్చుకుని చింపేశారేమో" అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండాలి. చివరగా అది ఎవరి దగ్గర ఉందో చెప్పే సాక్ష్యం వెతకండి.

*పోలీసు కేసు.* వీలునామాను ఫోర్జరీ చేయడం భారతీయ న్యాయ సంహితలో 338వ సెక్షన్, దురుద్దేశంతో దాన్ని నాశనం చేయడం, దాచడం 343వ సెక్షన్ కింద నేరాలు. గట్టి ఆధారం ఉంటే ఫిర్యాదు చేయండి. దానివల్ల ఆస్తి మీకు వస్తుందని మాత్రం అనుకోవద్దు, సివిల్ దావా విడిగా వేయాల్సిందే.

గడువులు కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. హక్కు ప్రకటన దావాకు, మీ హక్కును మొదట కాదన్న రోజు నుంచి 3 ఏళ్లు. ప్రొబేట్ దరఖాస్తుకూ 3 ఏళ్లే, అయితే అది చనిపోయిన రోజు నుంచే కాదు, దరఖాస్తు అవసరం పుట్టినప్పటి నుంచి లెక్క. ప్రొబేట్ రద్దుకు అది ఇచ్చినప్పటి నుంచి 3 ఏళ్లు. యాజమాన్య హక్కు మీద స్వాధీనం కోరడానికి 12 ఏళ్లు.

తరచూ జరిగే పొరపాట్లు

ప్రకటన మాత్రమే కోరి, స్వాధీనం అడగకపోవడం పెద్ద పొరపాటు. ఆస్తి అవతలివారి చేతిలో ఉన్నప్పుడు "నేనే యజమానిని అని ప్రకటించండి" అని మాత్రం అడిగితే, దావా ఆ ఒక్క కారణంతో కొట్టేయవచ్చు. లాయరు రాసిన ప్లెయింటులో (దావా పత్రంలో) చివరి పేజీ, అంటే కోర్టును అడుగుతున్నవాటి జాబితా, మీరే చదవండి. షెడ్యూలులో (ఆస్తి వివరాల పట్టికలో) మళ్లీ ఆ తప్పు సర్వే నంబరే దిగిందేమో చూడండి. వీలునామాలోది ఉన్నదున్నట్టు కాపీ చేయడం వల్ల ఇది జరుగుతూనే ఉంటుంది. డిక్రీ వచ్చాక అమలు దగ్గర మళ్లీ ఆగిపోతుంది.

"నాన్న నోటిమాటగా చెప్పారు" అని దావా వేయడం ఇంకొకటి. హిందువులకు నోటి వీలునామా లేదు. కాగితం పైన "వీలునామా" అని ఉందా "సెటిల్‌మెంట్" అని ఉందా అన్నదాన్నే నమ్మడం కూడా పొరపాటే. హక్కు వెంటనే ఇచ్చారా, తన తర్వాత ఇచ్చారా అన్నది లోపలి మాటలు చెప్తాయి. వెంటనే ఇచ్చి ఉంటే అది సెటిల్‌మెంటు, తర్వాత వీలునామా రాసి వెనక్కి తీసుకోవడానికి వీలుండదు.

క్రైస్తవ కుటుంబాలు రెండు చూసుకోవాలి. వీలునామా రాశాక రాసినవారు పెళ్లి చేసుకుంటే అది రద్దయినట్టే. సాక్షిగా సంతకం చేసినవారికి, లేదా వాళ్ల భార్యకో భర్తకో వీలునామాలో ఏదైనా ఇస్తే ఆ ఇచ్చింది చెల్లదు. హిందువులకు ఈ రెండు నియమాలూ లేవు.

ముస్లిం కుటుంబాలకు

అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు వరకే వీలునామా చెల్లుతుంది. అంతకు మించితే వారసుల సమ్మతి కావాలి. సున్నీలలో వారసుల్లోనే ఒకరికి రాస్తే, ఆయన పోయాక మిగతా వారసులు ఒప్పుకోవాలి. నోటిమాట కూడా చెల్లుతుంది, ఇద్దరు సాక్షుల సంతకాల నియమం లేదు. కాబట్టి పైన సాక్షుల గురించి చెప్పింది మీకు అలాగే వర్తించదు. ఎవరు విన్నారు, ఏ మాటలతో చెప్పారు అన్నదే ఇక్కడ కీలకం.

8. పని పూర్తయిందో లేదో ఇలా చూసుకోండి

డిక్రీ లేదా ప్రొబేట్ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ప్రొబేట్‌కు వీలునామా నకలు జతచేసి ఉండాలి. అందులోని ప్రతి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దు మీ ఆస్తి కాగితాలతో వేలు పెట్టి పోల్చండి. తప్పుంటే కోర్టులో సవరణ అప్పుడే కోరండి. జిల్లా కోర్టు తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు గడువు 90 రోజులు, అది దాటిందా, అప్పీలు పడిందా అని తెలుసుకోండి. ఆ తర్వాత రెవెన్యూ రికార్డులో పేరు మార్పించండి. ఆంధ్రలో 1బి, అడంగల్ భూమి రికార్డులు, తెలంగాణలో భూ భారతి రికార్డు తీసి మీ కళ్లతో చూడండి. ఇంటిపన్ను, కరెంటు, నీటి కనెక్షన్ల పేర్లు మార్చండి. రాజీ లేదా పార్టిషన్ దస్తావేజు అయితే కొత్త ఈసీలో అది కనిపించాలి. కనిపించకపోతే నమోదు ఎక్కడో తప్పినట్టు.

లాయరు ఫీజు భయంతో ఊరుకోకండి. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు అసలు వీలునామా ఇంట్లోనే ఉంచి నకళ్లు తీసుకెళ్లండి, సాక్షులు చెప్పింది రాసుకున్న కాగితం మాత్రం మర్చిపోకండి.